సిద్దమ్మ బొటనవేలు

"ఎక్కు జీపు!"

ఎస్సై ఓబులేసు అరిచిన అరుపుకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఉన్న పాతిక మందీ తలలు తిప్పారు.

సిద్దమ్మ జీపు వెనక మెట్టు మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు నేల మీదే ఉంచింది. అరవై దాటిన మనిషి. గొంతు మాత్రం ఇరవైలోనే ఆగిపోయింది.

"నేనేం తప్పు జేసినానప్పా? నా ఇల్లు నేను అమ్ముకోను వస్తి. ఒకరి కోడిని ఎత్తకపోను రాలే!"

"ఒక ఇంటిని ఇద్దరికి అమ్మితే కోడి దొంగతనం కంటే పెద్ద కేసు. ఎక్కు!"

టైం పన్నెండూ ఇరవై. 1984 మే 17, గురువారం.

ఓ మోపెడ్ దుమ్ము రేపుకుంటూ వచ్చి సరిగ్గా జీపుకు అడ్డంగా ఆగింది. దాని మీది నుంచి దిగిన మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. నేత చీర, చేతికి మగవాళ్ల వాచీ, భుజాన తోలు సంచీ. ఆమెను చూడగానే ఓబులేసు మొహం పుల్లటి మజ్జిగ తాగినట్టయింది.

"వచ్చినావా అమరావతమ్మా? ఇంకా రాలేదేమా అనుకుంటాండా."

"మీరుండేచోటికి నేను రాకుండా ఎట్లుంటాను ఎస్సై గారూ?" అంది డిటెక్టివ్ అమరావతి.

పదేళ్ల కింద ఇద్దరూ చిత్తూరులో ఒకే నెలలో ఉద్యోగంలో చేరారు. ఆయన పోలీసు, ఆమె వేలిముద్రల విభాగం. ఆయన యూనిఫాంలోనే ఉండిపోయాడు. ఆమె రాజీనామా ఇచ్చి మదనపల్లెలో సైకిల్ షాపు పైన గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టుకుంది. అప్పటి నుంచి ఆయన పట్టుకున్న వాళ్లలో నలుగుర్ని ఆమె విడిపించింది. ఆ లెక్క ఓబులేసుకు బాగా గుర్తు.

"అక్కా!" అంటూ మహమూదా పరుగెత్తుకొచ్చింది. గంట కింద సైకిల్ షాపుకు ఫోన్ చేసి అమరావతిని పిలిచింది ఆమే. ఆమె భర్త నూర్ అహ్మద్ టైలరు. మనిషి వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో రాసి సిద్ధంగా ఉన్న విక్రయ దస్తావేజు. మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడుతోంది, షాపు నుంచి తీయడం మర్చిపోయినట్టు.

మహమూదా విషయం గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

పుంగనూరు రోడ్డులో సిద్దమ్మకు రెండు గదుల మిద్దె ఉంది. ఒక బావి, మూడు టెంకాయ చెట్లు. ఆమె కూతురు దగ్గరికి చౌడేపల్లెకు వెళ్లిపోవాలనుకుని, మార్చి పందొమ్మిదిన ఆ ఇంటిని ఇరవై రెండు వేలకు నూర్ అహ్మద్‌కు ఇస్తానని అగ్రిమెంటు రాసిచ్చింది. మే పద్దెనిమిది లోపల రిజిస్ట్రేషన్ కావాలి. ఏప్రిల్‌లో ఆ రోడ్డులో కొత్త బస్టాండు వస్తుందని పుకారు లేచింది. అంతే, ఇరవై రెండు వేల ఇంటి ధర అరవై వేలకు ఎగబాకింది. సిద్దమ్మ మాట మార్చలేదు. నూర్ అహ్మద్‌కు లోను నిన్ననే చేతికొచ్చింది. రేపు ఆఖరి రోజు. కానీ రేపు శుక్రవారం. శుక్రవారం సిద్దమ్మ ఇల్లు కాదు, అగ్గిపుల్ల కూడా బయటికివ్వదు. అందుకని ఈ రోజే పెట్టుకున్నారు.

"పొద్దున పదిన్నరకు ఆ గంగులప్ప వచ్చినాడక్కా. పుంగనూరు ఆయన, సైట్లు కొని అమ్ముతాడే, ఆయనే. ఈ ఇంటికి నాకు మార్చి రెండో తేదీనే అగ్రిమెంటు ఉండాది, ముందు హక్కు నాది అంటాడు. సిద్దమ్మ ఏలిముద్ర గూడా చూపించినాడు. రేపు పొద్దున్నే కోర్టులో స్టే తెస్తాడంట!"

"నాలుగు గంటలకు ఈ ఆఫీసులో దస్తావేజులు తీసుకోవడం ఆపేస్తారు" అన్నాడు నూర్ అహ్మద్. "పందొమ్మిదేండ్లలో పదకొండు బాడుగిండ్లు మారినామమ్మా. మిషను నెత్తిన పెట్టుకుని తిరిగినా. ఈ ధరకు ఈ ఊళ్లో ఇంక కొట్టం గూడా రాదు. ఈ పొద్దు తప్పితే మళ్లీ నా బతుకులో లేదు."

వరండాలో చిన్న డెస్కు ముందు కూర్చున్న దస్తావేజు లేఖరి గోపాలస్వామి లేచి వచ్చాడు. నుదుట నిలువు నామం, చెవి మీద పెన్ను. జనవరిలో కుప్పం నుంచి వచ్చి ఇక్కడ డెస్కు వేసుకున్నాడు. నూర్ అహ్మద్ అగ్రిమెంటు రాసింది ఆయనే, ఈ రోజు దస్తావేజు రాసిందీ ఆయనే.

"అన్నీ రెడీగా ఉండాయమ్మా" అన్నాడు మెత్తగా. "పాపం, ఈయప్ప పొద్దుననుంచీ కాఫీ గూడా తాగలేదు. నేను ఇప్పిస్తానంటే వద్దంటాడు. అమ్మేటి ఆయమ్మ లేకపోతే రిజిస్ట్రారు దొర చెయ్యలేడు గదా."

"మూడున్నరకు ఆమె ఇక్కడుంటుంది" అంది అమరావతి.

ఓబులేసు నవ్వాడు. "నా స్టేషన్ లోపల ఉంటాది. జీపు తియ్యి!"

* * *

పన్నెండూ యాభై. టౌన్ స్టేషన్.

అమరావతి ముందు రెండు కాగితాలు. ఒకటి నూర్ అహ్మద్ అగ్రిమెంటు, మార్చి 19. ఇంకొకటి గంగులప్ప అగ్రిమెంటు, మార్చి 2. రెండింటి అడుగునా సిద్దమ్మ ఎడమ బొటనవేలి ముద్ర. ఆమె సంచీలోంచి భూతద్దం తీసి ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"ముద్ర ఈమెదే" అంది.

"ఆ మాట నేను పదకొండింటికే చెప్పినా" అన్నాడు ఓబులేసు. కాళ్లు బల్ల కింద చాపుకున్నాడు. "ఇంకేం, కేసు అయిపోయె. కాఫీ తాగి పో."

"కాఫీ చెప్పండి. గంగులప్ప గారితో రెండు మాటలు మాట్లాడి తాగుతా."

గంగులప్ప బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, రెండు ఉంగరాలు, ఒళ్లో రెక్సిన్ బ్యాగు.

"ఈ కాగితం ఎక్కడ రాసుకున్నారు?"

"సిద్దమ్మ ఇంటి వసారాలో. పొద్దున పదకొండు గంటలకు."

"రాసింది ఎవరు?"

"పుంగనూరు లేఖరి. పాపం, పోయిన నెల పోయినాడు. కింద సంతకం ఉండాది సూడండి."

"చనిపోయినాయన్ని అడగలేం. స్టాంపు కాగితం ఫిబ్రవరి ఇరవైన కొన్నట్టుంది?"

"నేను సైట్ల యాపారం చేసేవాణ్ణి తల్లీ. నా పేరు మీద నాలుగైదు కొని పెట్టుకుంటా. అవసరానికి ఉంటాయి."

"మార్చి రెండు. ఏం వారం?"

"సుక్రవారం." ఏ మాత్రం తడబడలేదు. బాగా వల్లించిన పాఠం.

"తిథి?"

"అదెవరికి గుర్తుంటాది?"

మూలన నేల మీద కూర్చున్న సిద్దమ్మ ఉలిక్కిపడింది. వేళ్లు మడిచి గబగబా లెక్కపెట్టింది. "శివరాత్రి బుదవారం. బేస్తవారం సతుర్దశి. సుక్కురారం... అయ్యో, అది అమాస గదమ్మా! సుక్కురారం అమాస నాడు ఇల్లు అమ్ముతానా నేను? నాకేమన్నా మతి పోయిందా? ఆ పొద్దు పక్కింటామె గుప్పెడు ఉప్పు అడిగితే గూడా లేదంటి!"

అమరావతి గంగులప్ప మొహమే చూస్తోంది. ఆ మొహంలో రంగు ఒక్క క్షణం ఎగిరిపోయింది. చెయ్యి బ్యాగు మీద బిగిసింది. అబద్ధం దొరికిపోయినవాడి భయం కాదది. అమావాస్య అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నవాడి భయం.

"మీరు మంచీచెడూ చూస్తారా గంగులప్ప గారూ?"

"మా లారీని గూడా అమాస పూట రోడ్డెక్కించను..." అని నోరు జారి, వెంటనే సర్దుకున్నాడు. "అంటే, ఆ పొద్దు తొందర పడింది."

అమరావతికి ఒకటి అర్థమైంది. గంగులప్ప ఈ కాగితానికి తేదీ ఎంచలేదు. ఎవరో ఎంచి, రాసి, చేతికిచ్చారు. ఎవరు?

ఆమె మళ్లీ భూతద్దం తీసింది. ఈసారి రేఖలను కాదు, రేఖల మధ్య ఖాళీని చూసింది. చూసి, నెమ్మదిగా ఈల వేసినట్టు ఊపిరి వదిలింది.

"సిద్దమ్మా, ఎడమ చెయ్యి ఇట్లా పెట్టు."

బొటనవేలి మీద అడ్డంగా సన్నటి తెల్ల గీత.

"ఇదేంది?"

"ఆవుకు గడ్డి కోస్తాంటే కొడవలి తగిలిందమ్మా. రెండు కుట్లేసినారు ఆస్పత్రిలో."

"ఎప్పుడు?"

"శివరాత్రి పోయినాక. పది దినాలనుకుంటా."

"ఎస్సై గారూ, కాఫీ తర్వాత తాగుదురు గానీ ఇటు రండి!" అమరావతి భూతద్దాన్ని ఆయన చేతిలో పెట్టింది. "ఇది పందొమ్మిదో తేదీ ముద్ర. మధ్యన అడ్డంగా తెల్ల గీత. గీతకు పైన రెండు చుక్కలు, కింద రెండు చుక్కలు. అవి కుట్లు దూరిన రంధ్రాలు. ఇప్పుడు రెండో తేదీ ముద్ర చూడండి."

ఓబులేసు చూశాడు. మళ్లీ చూశాడు.

"గీత, నాలుగు చుక్కలు. అయితే?"

"గాయం శివరాత్రి తర్వాత పది రోజులకు. అంటే మార్చి పది దరిదాపుల్లో. వేలు తెగకముందే ముద్రలో కుట్లు ఎట్లా పడినాయి?"

గంగులప్ప బ్యాగును చంకలోకి లాక్కున్నాడు.

ఓబులేసు భూతద్దం బల్ల మీద పెట్టాడు. "తెగింది ఎప్పుడో ముసలామె నోటి మాట తప్ప ఏముండాది? జనవరిలో తెగిందేమో! కాగితం తే. ఆస్పత్రి కాగితం. అప్పుడు మాట్లాడు."

"ఉండాది!" అంది సిద్దమ్మ. "ఆస్పత్రి సీటీ ఉండాది. ఇంట్లో గోడ గూట్లో, దీపం పక్కన పెట్నాను."

తలుపు దగ్గర నిలబడిన మహమూదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమైంది?" అంది అమరావతి.

"నిన్న... నిన్న నేనే ఇల్లంతా సున్నం కొట్టినానక్కా. గూట్లో ఉండేదంతా ఊడ్చి దిబ్బలో ఏసినా."

ఓబులేసు కడుపారా నవ్వాడు. టైం ఒకటీ ఇరవై.

* * *

ఒకటీ ముప్పై అయిదుకు మోపెడ్ సిద్దమ్మ మిద్దె ముందు ఆగింది. ముందు తలుపుకు పాత తాళం పక్కనే కొత్త తాళం వేలాడుతోంది. గంగులప్ప అప్పుడే తన హక్కు బిగించేశాడు.

"ఎనక తలుపు ఉండాది రా అక్కా" అంది మహమూదా.

ఇల్లు ఖాళీ. సున్నం ఇంకా తడి వాసన కొడుతోంది. ముందు గది గోడకు కిటికీ కింద టైలర్లు వాడే నీలి చాక్‌పీసుతో పెట్టె ఆకారంలో గీసిన గీత కనపడింది.

"ఇదేంది?"

మహమూదా ఆ పరిస్థితిలోనూ సిగ్గుపడింది. "ఆయన గీసినాడు. ఈడ మిషను పెట్టాలంట. వెలుతురు ఎడం పక్క నుంచి రావాలంట. కొలత తీసి మరీ గీసినాడు."

అమరావతి ఆ గీతను ఒక క్షణం చూసింది. తర్వాత గూడు చూసింది. పక్క గదిలో వెనక గోడకు ఉంది. సున్నం అడుగున దీపం మసి, ఒక మూల కుంకుమ మరక. కాగితం మాత్రం లేదు.

"దిబ్బ చూపించు."

కొట్టం వెనక దిబ్బ. ఆవును మొన్ననే చౌడేపల్లెకు తోలేశారు. పేడ మాత్రం ఇక్కడే మిగిలింది. అమరావతి చీర కుచ్చెళ్లు నడుములో దోపింది. వాచీ తీసి మహమూదా చేతికిచ్చింది.

"నీకు ఫీజు చెప్పినానా?"

"రెండు జాకెట్లు కుట్టివ్వమంటివి."

"నాలుగు కుట్టియ్యాల."

ఇద్దరూ దిగారు. నిన్నటి చెత్త పైన ఈ ఉదయం పక్కింటివాళ్లు పారబోసిన బూడిద. దాని కింద ఎండుటాకులు, పాత చేట, పగిలిన చిమ్నీ, క్యాలెండరు ముక్కలు. మహమూదా ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో తనను తాను తిట్టుకుంటూనే ఉంది. "శుభ్రం శుభ్రం అని సచ్చిపోతి. ఒక దినం ఆగింటే ఏం పోయె నాకు!"

"ఆగు. అదేంది?"

నూనె జిడ్డుకు అంటుకుపోయిన అగరొత్తుల ప్యాకెట్టు. దాన్ని విప్పితే లోపల నాలుగు మడతలుగా కాగితం. సున్నం చుక్కలు, నూనె మరక. అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు. ప్రభుత్వాసుపత్రి ఔట్ పేషెంట్ చీటీ. సిద్దమ్మ, వయసు 61. ఎడమ బొటనవేలికి కోత, రెండు కుట్లు, 10-3-84. కింద ఇంకో ఇంకుతో: కుట్లు తీసివేయడమైనది, 17-3-84.

మహమూదా అమరావతిని పేడ చేతులతోనే వాటేసుకుంది.

"చాల్లే. టైమెంత?"

"రెండూ నలభై!"

* * *

"బాగుండాది. చాలా బాగుండాది" అన్నాడు ఓబులేసు. చీటీని, రెండు ముద్రలను పక్కపక్కన పెట్టుకున్నాడు. అమరావతి స్టాంపు ప్యాడుతో సిద్దమ్మ వేలి కొత్త ముద్ర కూడా తీసింది. దాంట్లో గీత ఉంది, చుక్కలు లేవు. రెండు నెలల్లో పూడిపోయాయి.

"కుట్లు తీసింది పదిహేడున. చుక్కలు నాలుగైదు రోజుల కంటే ఉండవు. కాబట్టి రెండో తేదీ అన్న ఈ ముద్ర పడింది పదిహేడుకూ ఇరవై రెండుకూ మధ్య. ఆ రోజుల్లో సిద్దమ్మ ఎక్కడెక్కడ వేలు వేసిందో అడగండి."

"యాడేస్తానప్పా? ఆ పందొమ్మిదో తేదీ ఒక్కటే. ఆఫీసు వరండాలో. ఆడ పెట్టు, ఈడ పెట్టు అన్నారు, పెట్నా."

"ఎవరన్నారు?"

"అందరూ అన్నారు. నాకు సదువొస్తే గదా ఏ కాగితమో తెలిసేది!"

ఓబులేసు కళ్లు మెరిశాయి. కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "అట్లయితే కేసు ఇంకా సులువాయె. పందొమ్మిదిన ఆడ ఉండింది ఎవరు? నూర్ అహ్మద్, పెండ్లాం, సాక్షికి వచ్చిన ఇద్దరు బావమరుదులు, రాసిన లేఖరి. మనోళ్లు ఎవరైనా అమాస తేదీ వేస్తారా? అమాస లెక్కే లేనివాడు వేస్తాడు. నూర్ అహ్మద్ వేసినాడు! ధర అరవైకి పోయె, గంగులప్పతో కుమ్మక్కయి ఇంకో ముద్ర అమ్ముకున్నాడు. పట్టుకరా వాణ్ణి!"

"యా అల్లా!" అంది మహమూదా.

"కూర్చోండి ఎస్సై గారూ" అంది అమరావతి. గొంతు పెరగలేదు. "నూర్ అహ్మద్‌కు కావలసింది డబ్బే అయితే ఈ సాయంత్రం రిజిస్ట్రేషన్ చేయించుకుని రేపు పొద్దున అరవైకి అమ్ముకోవచ్చు. ఇల్లే చేతికొస్తా ఉంటే, ఆ ఇంటిని తనకు రాకుండా చేసే దొంగ కాగితం ఎవడన్నా తయారు చేసుకుంటాడా?"

ఓబులేసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకొకటి. ఈ ఊళ్లో అమావాస్య ఎప్పుడో పురోహితుడి కంటే టైలరుకే బాగా తెలుసు. ఆ రోజు ఒక్కరు కూడా కొత్త బట్టలు తీసుకోను రారు. అడగండి మహమూదాను."

"నెలకొక దినం మాకు ఆయన ఇంట్లో దొరికేది అమాసకే" అంది మహమూదా కోపంగా. "ఆ పొద్దే మా ఇంట్లో బిర్యానీ!"

బయట కానిస్టేబుల్ ఎవరో కిసుక్కుమన్నాడు.

"సరే, మరి ఎవరు?" అన్నాడు ఓబులేసు. "చెప్పు. ఇప్పుడే చెప్పు."

"నాలుగు గంటలకు చెప్తాను."

"ఇప్పుడెందుకు చెప్పవు?"

"ఇంకా ఒక మెట్టు మిగిలుంది. అంతవరకూ సిద్దమ్మను లోపల ఉంచడానికి మీ దగ్గరున్న ఆధారం ఈ కాగితం ఒక్కటే. అది అబద్ధమని మీ కళ్లతో మీరే చూశారు. చూసిన తర్వాత కూడా ఆమెను వదలకపోతే, రేపు కోర్టులో చిత్తూరు వేలిముద్రల నిపుణుడు ఈ ముద్ర గురించి చెప్పేటప్పుడు మీ గురించి కూడా అడుగుతారు."

ఓబులేసు గోడ గడియారం చూశాడు. మూడూ అయిదు. మీసం దువ్వుకున్నాడు.

"జీపులో తీసకపోతా. గంగులప్పను గూడా. నాలుగు కొట్టిన నిమిషంలో పేరు రాకపోతే అందర్నీ తిరిగి తెస్తా. నిన్ను గూడా!"

"నాకు ముందు సీటు కావాలి" అంది అమరావతి.

* * *

మూడూ ఇరవై. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు.

జీపులోంచి సిద్దమ్మ దిగగానే నూర్ అహ్మద్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. గోపాలస్వామి దస్తావేజు తీసుకుని లోపలికి నడిచాడు. వాళ్ల ముందు ఇంకా రెండు దస్తావేజులు ఉన్నాయి.

అమరావతి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న ప్యూన్ మునెయ్య పక్కకు వెళ్లింది.

"మునెయ్యన్నా, మార్చి రెండున ఈ ఆఫీసులో ఎన్ని దస్తావేజులు పడినాయి?"

"సున్నా" అన్నాడు మునెయ్య ఆలోచించకుండా. "అమాస గదమ్మా. ఆ పొద్దు మేం ఈగలు తోలుకుంటా కూసుంటాం."

"అన్ని ఆఫీసుల్లోనూ ఇంతేనా?"

"యాడమ్మా! నేను కుప్పంలో అయిదేండ్లు చేసినా. ఆడ అమాస వస్తే అన్నం తినను గూడా తీరిక ఉండదు. తమిళం పద్ధతి గదా, ఆ పక్కోళ్లకు అమాస అంటే బంగారం లాంటి దినం. ఇల్లు గానీ, భూమి గానీ ఆ పొద్దే రాపిచ్చుకుంటారు. ఈడ ఒకాయనకు కీడు, ఆడ ఒకాయనకు మేలు. సూర్యుడు మాత్రం ఒకడే!"

అమరావతి నవ్వలేదు. కళ్లు మాత్రం వరండాలోకి పోయాయి, ఖాళీగా ఉన్న డెస్కు మీదికి.

తేదీ ఎంచినవాడు అజాగ్రత్తగా ఎంచలేదు. పంచాంగం ముందు పెట్టుకుని, అన్నిటికంటే మంచిరోజు వెతికి మరీ ఎంచాడు.

ఓబులేసు పక్కకొచ్చి చెవిలో అన్నాడు. "పేరు తెలిసిపోయినట్టుండాదే నీకు. చెప్పు."

"నాలుగింటికి."

"ఇంకా అరగంట!"

"అరగంట ఓపిక పట్టండి. ఇప్పుడు చెప్తే ఒక కుటుంబం మునుగుతుంది."

మూడూ ముప్పై ఎనిమిదికి పిలుపొచ్చింది. రిజిస్ట్రారు కళ్లద్దాల పైనుంచి సిద్దమ్మను చూశాడు.

"ఏమ్మా, ఇష్టపూర్తిగానే అమ్ముతున్నావా? ఎవరైనా బెదిరించారా?"

"పొద్దుననుంచీ బెదిరిస్తానే ఉండారు సామీ" అంది సిద్దమ్మ. "అమ్మొద్దని! నేను మాత్రం ఇష్టంగానే అమ్ముతాండా."

"ధర తక్కువ రాశారు. ఇప్పుడక్కడ చాలా పలుకుతుందంటున్నారు?"

"పలకనీ. నేను మాటిచ్చిన నాడు ఇంతే పలికింది. ఈయప్ప నా ఆవు మేతకు పోతే తానే తోలుకొచ్చేవాడు. ఈయమ్మ నాకు జొరమొస్తే గంజి కాసి పోసింది. నా టెంకాయ చెట్లకు నీళ్లు పోసేవాళ్లు నాకు కావాల. బస్టాండు నాకెందుకు?"

నూర్ అహ్మద్ తల వంచుకున్నాడు. కొలతల టేపు చివరను వేళ్లకు చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

సిద్దమ్మ వేలు ముద్రల పుస్తకంలో పడింది. నూర్ అహ్మద్ సంతకం. సాక్షుల సంతకాలు. లేఖరి సంతకం గుమాస్తా సరిచూశాడు. రిజిస్ట్రారు నంబరు వేశాడు, సంతకం చేశాడు. మునెయ్య సీలు ఎత్తి దించాడు. ఠప్పుమని మోగింది.

మూడూ యాభై నాలుగు.

మహమూదా భర్త చెయ్యి పట్టుకుంది. అంతమంది ముందు ఆమె ఎన్నడూ అట్లా పట్టుకుని ఉండదు. నూర్ అహ్మద్ సిద్దమ్మ వైపు తిరిగి చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. సిద్దమ్మే అంది: "ఏడ్సొద్దప్పా. నెలకు నాలుగు టెంకాయలు నాకు పంపల్ల. అంతే."

"ఎనిమిది పంపుతానమ్మా" అన్నాడు. "నేనే తెచ్చిస్తా చౌడేపల్లెకు."

అందరూ వరండాలోకి వచ్చారు. గంగులప్ప ఒక మూల కానిస్టేబుల్ పక్కన నిలబడ్డాడు. గోపాలస్వామి డెస్కు ముందు కూర్చుని పెన్ను తుడుచుకుంటున్నాడు. మొహం నిండా సంతోషం.

"మంచిగా అయిపోయిందమ్మా. ఇప్పుడన్నా కాఫీ తాగుదాం" అన్నాడు.

"తాగుదాం" అంది అమరావతి డెస్కు ముందు కూర్చుంటూ. "వీళ్లను చూస్తే నాకూ ఇల్లు కొనాలనిపిస్తోంది స్వామీ. పుంగనూరులో ఒకటి చూశాను. అగ్రిమెంటు మీరే రాయాలి."

"దానికేం భాగ్యం!"

"మంచిరోజు కావాలి. ఊళ్లో వాళ్లకు చెప్పేది వద్దు. మీ సొంత ఇల్లయితే ఏ రోజు రాసుకుంటారో ఆ రోజు చెప్పండి."

గోపాలస్వామి డెస్కు తెరిచి చిన్న తమిళ పంచాంగం తీశాడు. ఇష్టమైన పని దొరికిన మనిషి ముచ్చటగా పేజీలు తిప్పాడు.

"ముప్పైయో తేదీ, బుధవారం. దీనికి మించిన దినం ఈ నెలలో లేదమ్మా."

"ఆ పొద్దు అమాస గదప్పా!" అంది సిద్దమ్మ.

"మీకు కాదమ్మా. మా పక్క అమావాస్యే శ్రేష్ఠం. మా నాయన కాలం నుంచీ ఇంటి కాగితం అమావాస్య తప్ప ఇంకో దినం రాసుకునేది..."

మాట సగంలో ఆగిపోయింది.

మూలన గంగులప్ప తల పైకెత్తాడు. అతని కళ్లు సూటిగా గోపాలస్వామి మీదికి పోయాయి. "నాకు అమాస కాగితం అంటగట్టినావా సామీ?" అన్నాడు నమ్మలేనట్టు. అన్న తర్వాత గానీ తానేమన్నాడో అతనికి అర్థం కాలేదు.

ఓబులేసు చెయ్యి బెల్టు మీదికి పోయింది. అమరావతి వాచీ చూసుకుని లేచింది. ఆఫీసు లోపలి గడియారం నాలుగు కొట్టడం మొదలుపెట్టింది.

"ఇంతసేపు ఎందుకు ఆగానో అడిగారు కదా ఎస్సై గారూ? ముందే పేరు చెప్పి ఉంటే, అదే మనిషి సంతకం ఉన్న దస్తావేజును రిజిస్ట్రారు పక్కన పెట్టేసేవాడు. వీళ్ల ఇల్లు పోయేది. ఇప్పుడు సీలు పడింది." ఆమె డెస్కు మీది పంచాంగాన్ని తీసి ఓబులేసు చేతిలో పెట్టింది. "బస్టాండు సంగతి సైట్ల వ్యాపారికి పుకారు లేవకముందే తెలుసు. పందొమ్మిదో తేదీ చదువురాని మనిషి వేలు పట్టుకుని, గంగులప్ప ఇచ్చిన తెల్ల స్టాంపు కాగితం మీద ఇంకో ముద్ర వేయించుకున్నాడు. చనిపోయిన లేఖరి చేతిరాతను అనుకరించాడు. అన్నీ సరిగ్గానే చేశాడు. కానీ ఇంటి కాగితాన్ని చెడ్డరోజున రాయడానికి చెయ్యి రాలేదు, దొంగ కాగితమైనా సరే."

గోపాలస్వామి డెస్కును తోసుకుని లేచాడు. మునెయ్య స్టూలు అడ్డం పెట్టాడు.

"పేరు చెప్పు" అన్నాడు ఓబులేసు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "అందరూ వినేటట్టు గట్టిగా చెప్పు."

అమరావతి వేలెత్తి చూపించింది.

"గోపాలస్వామి!"